మింగినాక

శుక్రవారం రాత్రి పెడితే
ఆదివారం దాకా దాన్ని ముట్టుకోను.

నా పేరు నాగుల్ మీరా.
నాగూరు దర్గాకి మొక్కి నాన్నమ్మ పెట్టిన పేరు
గుంటూరు నోళ్లలో పడి నాగుల్ అయింది.
"పేరులోనే ఉంది కదన్నా" అంటూ
బ్రాడీపేట నాలుగో లైనులో గది ఖాళీ చేస్తున్న
డాక్టరు కుర్రాడు
ఫ్రిజ్ రిపేరు డబ్బులతో పాటు
అట్టపెట్టె ఒకటి, దాని కాగితాలు
నా చేతిలో పెట్టి రైలెక్కాడు.
ఆఫ్రికా కొండచిలువ. మూడడుగులు.
భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది.

ఎలుకలు షాపులో పాత సింగిల్ డోర్‌లో ఉంటాయి.
ఇంటి ఫ్రిజ్‌లో పెడితే
నువ్వూ అందులోనే పడుకో అంది జైతూన్.
వేణ్ణీళ్లలో నానేసి, తుడిచి,
పట్టకారుతో తోక పట్టి ఆడిస్తే
చీకట్లోంచి ఒక్క విసురు.
తర్వాత చుట్ట. ఆ తర్వాత ఎంత నెమ్మదో.
దవడలు ఒకదాని తర్వాత ఒకటి నడుచుకుంటూ
తలకంటే లావైనదాన్ని లోపలికి తెచ్చుకుంటాయి.
ఉబ్బు మెడలో కాసేపు ఆగుతుంది
గోలీసోడా సీసా గొంతులో గోలీలా.

అక్కణ్ణించి నాతో పనిలేదు.

మొదట్లో తెలీదు నాకు.
చిలకలూరిపేట నుంచి బావమరిది పిల్లలొచ్చారు.
"ఫుప్పా, ఒక్క ఫోటో."
అది తిని రెండు గంటలు కాలేదు.
తీసి మెళ్లో వేసుకున్నాను, చూసేవాళ్లున్నారుగా.
ముందు దాని ఒళ్లంతా ఒక అల.
నోరు తెరిస్తే కాటుకనుకుని
పిల్లలు మంచమెక్కారు.
వచ్చింది ఎలుక.
బొచ్చు కరిగి, మొహం పోయి,
జైతూన్ దాచుకున్న గులాబీరంగు దుప్పటి మీద.
ఆ వాసన సంగతి చెప్పను.
యార్డు మీంచి వచ్చే మిరప ఘాటు కూడా
దాని ముందు ఓడిపోయింది.

తర్వాత నలభైమూడు రోజులు
అది తిండి ముట్టలేదు.
పట్టకారు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాణ్ణి.
అది నన్నే చూసేది.
రెప్పల్లేవు దానికి, చూడక ఏం చేస్తుంది.

అప్పట్నుంచీ ఈ పద్ధతి.
పెట్టె మీద నల్లగుడ్డ. పక్కన టీవీ లేదు.
వెచ్చదనం తగ్గితే లోపలిది అరక్క కుళ్లుతుందని
డిసెంబరులో కరెంటు పోయినప్పుడల్లా
సీసాల్లో వేణ్ణీళ్లు పోసి దాని పక్కన పేరుస్తాను.
మే నెలలో ఆ బెంగ లేదు,
గుంటూరే చూసుకుంటుంది.
చేతులు రెండుసార్లు సబ్బుతో.
ఎలుక వాసనేసే చెయ్యి దానికి ఎలుకే,
పెట్టిన చెయ్యని గుర్తుండదు.
బొటనవేలి కింద ఈ చుక్కల వరస
నా తప్పు, దానిది కాదు.

మొన్న శుక్రవారం సాయంత్రమే
నరసరావుపేటలో చెల్లెల్ని చూసి వచ్చింది జైతూన్.
చెప్పులు విడిచింది. పప్పుకి తాలింపు పెట్టింది.
మాట లేదు.
డాక్టరేమన్నాడు? చెల్లెలేమంది?
నాలుక చివరిదాకా వచ్చాయి నాకు.
ఇదివరకైతే అడిగేవాణ్ణే, మూడుసార్లు, నాలుగుసార్లు,
సగం మాట బయటపడేదాకా,
అది ఏ మాటో ఇద్దరికీ ఆనవాలు దొరకనంతగా.
ఆ రాత్రికి మా ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

ఈసారి టీ గ్లాసు కిటికీలో పెట్టి వచ్చేశాను.
శనివారం షాపు తీశాను, రెండు కంప్రెసర్లు మార్చాను,
ఇంటికొచ్చి మళ్లీ టీ పెట్టాను.
పక్కగదిలో ఒకరు, ఈ గదిలో ఒకటి,
ఎవరి పెట్టె మూతా నేను తీయలేదు.
తేలికేం కాదు. చేతులకి వేరే పని రాదు నాకు.

ఇవాళ తెల్లారి నల్లగుడ్డ తీసి చూస్తున్నాను.
ఉబ్బు తోకవైపు జారి సర్దుకుంది.
నాలుక ఒకసారి బయటికొచ్చి గాలిని తాకింది.

జైతూన్ వచ్చి పక్కన కూర్చుంది.
"దానికి అరిగిందా?"
అరుగుతోందన్నాను.
చాలాసేపు పెట్టెకేసి చూసింది.
నా వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆపి,
"చేతులు కడుక్కున్నావా?" అంది.