రెప్పల పరీక్ష

ఫహాహీల్‌లో మా గదికి
ఆరు మంచాలు లేవు, మూడే.
మనుషులం ఆరుగురం.
పగటి షిఫ్టు వాడు లేచిన గుంటలోనే
రాత్రి షిఫ్టు వాడు ఒత్తిగిలుతాడు.

శుక్రవారం సంతలో
పద్దెనిమిది దినార్లకు కొన్న పాత లాప్‌టాప్ కూడా
ఆరుగురిదీ.
దాని మొదటి యజమాని ఎవడో గాని
రంగుల పిచ్చోడు:
డెస్క్‌టాప్‌కి నూట నలభై థీములు దాచి పోయాడు,
ముడి విప్పని బట్టల మూటలా.

గొడవ మొదలైంది అక్కడే.
గంగారాంకి తెల్లటి తెర కావాలి,
నల్లదాని మీద అక్షరాలు చీమల్లా పాకుతాయట.
ఏసోబుకి నల్లదే కావాలి.
తెల్లది తెరవడమంటే
నిద్రపోయేవాళ్ళ ముఖాల మీద
ట్యూబ్‌లైటు దించడమేనంటాడు.
మంగళవారం రాత్రి ఒక చెప్పు ఎగిరింది.
ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

"నువ్వు ఆఫీసుల ఫైళ్ళు సర్దేటోనివి గదా,
సర్దు" అన్నారు.

రెండు ఫోల్డర్లు చేశాను.
వెలుగు. చీకటి.
ఇంత తేలికా అనుకున్నాను.

పేర్లు నమ్మకూడదని మూడోదానికే తెలిసింది.
'అర్ధరాత్రి' అని ఉన్నది తెరిస్తే
సున్నం కొట్టిన గోడ.
'ఉదయం' లోపల బొగ్గు.
ఇంకొకటి బూడిదరంగుది,
దుమ్ము లేచిన రోజు మధ్యాహ్నం లాంటిది:
లైట్లు వేసుకుని కార్లు పోతుంటాయే, ఆ పగలు.
దాన్ని ఎందులో వెయ్యను?

చిన్నప్పుడు బళ్ళో
వెలుగంటే మంచిదని రాయించారు.
ఇక్కడ జూలైలో
పదకొండు గంటలకే సైటు ఆపి
ఒక్క కంటైనరు నీడలో పదిమంది ఒదుగుతారు.
రాత్రేమో రిఫైనరీ మంట
కిటికీకి కాషాయం పూస్తూనే ఉంటుంది.
అసలైన నల్లటి రాత్రిని
ఇక్కడ నేనింకా చూడలేదు.

అప్పుడు కనిపించాడు ఓబులేసు.
రాత్రంతా పైపుల కింద వెల్డింగ్ చేసి వచ్చి
వెల్లకిలా, నోరు కొంచెం తెరిచి.
మెరుపులు చూసి చూసి ఉబ్బిన రెప్పలు.
లాప్‌టాప్ ఎత్తి
అతని ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాను.
రెప్ప అదిరితే వెలుగు.
అదరకపోతే చీకటి.

ఇంతకంటే నికరమైన మీటరు
కంపెనీ దగ్గర కూడా లేదు.

తొంభై రెండు, అదిరినవి.
నలభై ఏడు, అదరనివి.
లెక్క ప్రకారం ఒకటి మిగలాలి, మిగిలింది.

దానికి పేరు లేదు, వట్టి అంకెలు.
సగం పండిన ఖర్జూరం మీద
నీళ్ళు చిలకరించినట్టుండే రంగు.
రెప్ప అదరలేదు, అలాగని ఊరికే లేదు.
లోపల కనుగుడ్డు మెల్లగా ఎటో నడిచింది.
"గొర్రెలు దాటినాయా?" అన్నాడు స్పష్టంగా,
కళ్ళు తెరవకుండానే.
దాటినాయి, అన్నాను.
సరే, అని గోడవైపు తిరిగాడు.

దాన్ని ఎందులోనూ వెయ్యలేదు.
డెస్క్‌టాప్ మీదే, ఒక మూల, బయట ఉంచాను.

సాయంత్రం బస్సు హారనుకి అతను లేచి పోయాడు.
ఆ వెచ్చటి గుంటలో నేను పడుకున్నాను.
గంగారాం లాప్‌టాప్ తెరిచిన చప్పుడు.
కళ్ళు మూసుకునే చూస్తున్నాను,
రెప్పల వెనక ఏ రంగు వస్తుందో అని.

ఎర్రబడలేదు.
చీమలు పాకుతున్నట్టున్నాయి పాపం,
ఒక్కొక్కదాన్నీ వేలితో ఆపి
గొణుక్కుంటూ చదువుతున్నాడు.