సీసాలో చీటీలు

గూడు కట్టదు.
సాలె ఇంట పుట్టి మగ్గం ముట్టనిది.
పగలంతా అరటి గెల సందున ముడుచుకుని
చీకటి పడగానే నడకకి బయలుదేరుతుంది.
ఎవరైనా ఎదురైతే పారిపోదు,
ముందు నాలుగు కాళ్ళూ పైకెత్తి
అటూ ఇటూ ఊగుతూ నిలబడుతుంది.
అందుకే రిబేయిరా లోయలో దాన్ని
ఆర్మదేయిరా అంటారు, ఆయుధం ఎత్తినదని.
అరటి కోసేవాళ్ళకి ఆ ఒక్క పేరు చాలు.

సావో పావ్లోలో, మ్యూజియం మూడో అంతస్తులో
అది చాలదు.

స్పిరిట్ వాసన గదిలో మియేకో హిరాటా
కళ్ళు లెక్కపెడుతోంది:
ముందు రెండు, నడిమి వరసలో నాలుగు, వెనక రెండు.
కుటుంబం తేలింది.
ఇక ఇంటిపేరు.
ఈ దేశంలో మనుషులకి ఇంటిపేరు చివర్న వస్తుంది,
సాలీడుకి మాత్రం మన వైపు లాగా ముందే.
గ్రీకు మాట అది: హంతకురాలు.
పెట్టినాయన ఎప్పుడో పోయాడు,
నింద మాత్రం దీని నెత్తిన.

సొంత పేరు దగ్గరే చిక్కంతా.
రంగుని నమ్మకూడదు,
స్పిరిట్ తాగి తాగి పాలిపోతుంది.
సైజునీ నమ్మకూడదు.
నమ్మాల్సింది తాళం ఒక్కటే:
ఆడదాని కడుపు కింద ఆవగింజంత తాళంకప్ప,
మగదాని ముందుచేతి కొసన దానికి సరిపడే చెవి.
ఆ వంపుల్లో తేడా కనబడ్డ చోట
రెండు జాతుల మధ్య గట్టు వేస్తారు.
"పొలం గట్టు లాంటిదే," అంటుంది మియేకో,
"గట్టి వానొస్తే జరుగుతుంది."

ఈ సీసా పంతొమ్మిది వందల అరవై మూడు, ఏప్రిల్ నాటిది.
లోపల ఒక ఆడది.
దాని పక్కన మొదటి చీటీ, ప్రొఫెసర్ లోటార్ చేతిరాత,
నల్ల సిరా, ఒక జాతి పేరు.
పద్నాలుగేళ్ళకి రెండోది:
అలాంటి జాతి లేదు, పక్కదానిలో కలిపేశాం.
మూడోది: పొరపాటు, రెండూ వేరే.
ఇవాళ మియేకో పెన్సిల్‌తో నాలుగోది.
పాత చీటీ తీసెయ్యకూడదు, ఇక్కడి ధర్మం అది.
తప్పు సీసాలోనే ఉండాలి,
దిద్దిన చెయ్యీ ఉండాలి, తేదీతో సహా.

స్పిరిట్ తగ్గిన సీసాల్లో పోసే మనిషి జుల్మీరా.
ముప్పై ఒక్క ఏళ్ళుగా పోస్తోంది,
ఏ చీటీ చదవమని అడగలేదు.
"పట్టిన వాళ్ళ పేరు ఉందా?"
"'ఒక కూలీ' అని ఉంది."
"ఊరు?"
"సెచీ బార్రస్."
జుల్మీరా సీసా కింద పెట్టలేదు.

ఆ ఏప్రిల్‌లో వాళ్ళ నాన్న
చెమటలో తడిసి ముద్దై, కుడి మణికట్టు పొట్టకి అదుముకుని,
ఎడం చేత్తో టోపీ బోర్లించి దాన్ని పట్టాడు.
కుట్టినదాన్ని చూపిస్తేనే సరైన మందు పడుతుందని
ఎవరో చెప్పారట.
జుకియా దాకా లారీ, అక్కణ్ణించి రైలు,
ఒళ్ళో చెక్కపెట్టె.
ఎదుటి సీటు ఆవిడ తినడానికేమైనా ఉందా అని అడిగిందట,
ఆ మాట చెప్పి ఎన్నిసార్లు నవ్వాడో!
బతికాడు.
ఇంకో ఇరవై ఏళ్ళు గెలలు మోశాడు.
వాన పడే ముందు మణికట్టు సలుపుతోందనేవాడు.

"ఆయన పట్టింది ఇదే అని చెప్పలేం," అంది మియేకో.
"ఆ నెల ఎన్ని పెట్టెలు వచ్చాయో."
"చెప్పలేం," అంది జుల్మీరా కూడా.

తెలియనిది రాయడానికి వీళ్ళకో పద్ధతి ఉంది:
పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం,
ఒప్పుకోలు లాంటి కొక్కెం.
మియేకో కత్తెర తీసి గోరంత కాగితం కత్తిరించింది.
"పూర్తి పేరు?"
"ఒనోఫ్రె."
కాస్త ఆగి, ఇంటిపేరు చివర్న:
"ఒనోఫ్రె బార్బేడో."

ఐదో చీటీ నెమ్మదిగా మునిగింది,
ఇక ఎత్తని కాళ్ళ మీద ఒరిగింది.
జుల్మీరా మూత బిగించి
తర్వాతి సీసా వెలుతురుకి పట్టింది.
అందులో రెండు వేళ్ళ మేర తగ్గింది.