రెండు గింజలు

బెళుగుప్ప నుంచి బీరప్ప ఫోన్ చేసినప్పుడు
నేను విత్తనం కాయలు ఒలుస్తాన్నా.
"నీ కుక్క పొద్దుగూకితే గోడకు గుద్దుకుంటాంది సామీ,
గొర్రె ఏదో గుండు ఏదో దానికి తెలీడంల్యా."

పద్నాలుగు నెలల పిల్ల.
నా దొడ్లోనే కళ్లు తెరిచింది.
కుందేలును చూపుతోనే పట్టే జాతని చెప్పి
ఎనిమిది వేలకు నేనే అమ్మినా.

మా అబ్బకు ఒకటే పంతం, రక్తం గడప దాటకూడదు.
కుక్కలకూ మేనరికమే చేసినాడు,
అది చాలక తండ్రికి బిడ్డను, అన్నకు చెల్లెల్ని.
నడుములు సన్నబడినాయి, పరుగు పెరిగింది,
పందేల్లో గెలిచిన ఇత్తడి బిందెలు ఇప్పటికీ అటకమీదున్నాయి.
గుడ్డివైన వాటినేం చేసినాడో
ఇంట్లో ఎవురూ అడగలేదు.
దొడ్డి వెనక చీనీ చెట్లకు తెలుసు.

కళ్యాణదుర్గంలో పశువుల డాక్టరమ్మ షమీమ్
దూది పుల్లతో మెరుపు బుగ్గ లోపల తుడిచి
గొట్టంలో పెట్టి, పేరు రాసి
బెంగళూరుకు కొరియర్ చేసింది.
మూడు వారాలు.
ఆ మూడు వారాలూ మెరుపు ఎప్పటి మాదిరే
ఉడతల్ని తరిమింది, నా చెప్పు కొరికింది.
నేనే ప్రతి రాత్రీ లైటార్పి
దాని ముందు బిస్కెట్టు దొర్లించి చూస్తాంటి.

కాగితమంతా ఇంగ్లీషు.
డాక్టరమ్మ నా జేబులోంచి కాయొకటి తీసి చిట్లించింది.
"తల్లిదొకటి, తండ్రిదొకటి.
ఒకటి తాలైనా కుక్క బాగానే చూస్తుంది. మీ మెరుపు అట్లాంటిదే.
దీనికి ఇట్లాంటిదే జతైతే
నాలుగు పిల్లల్లో ఒకటి రెండు తాలుగింజలతో పుట్టొచ్చు."
మా దొడ్లో ఎన్ని నాలుగులు పుట్టినాయో
వేళ్లమీద లెక్కేస్తా, మధ్యలో నిలిపేసినా.

తాడిపత్రి నుంచి వెంకటశివుడు కార్లో వచ్చినాడు.
"మెరుపును నా ఆడకుక్కతో ఒక్కసారి కలుపు. ఇరవై వేలు."
"దాని కాగితమేదన్నా?"
"ఏందప్పా, కుక్కలకూ జాతకాలా?"
పగలబడి నవ్వినాడు. నాకూ నవ్వొచ్చింది.
"మనుషులకు చుక్కలు చూస్తారు,
వీటికి చూపు చూడాల్సొచ్చింది" అన్యా.
కారు రేపిన దుమ్ములో
బోరు మోటారు రిపేరీ, పాప ఫీజు
కొంచేపు కనపడి పోయినాయి.

మొన్న శుక్రవారం ఎనిమిది వేలూ చుట్టుకొని బెళుగుప్ప పోయినా.
బీరప్ప తీసుకోలేదు.
"పెంచినాక అది నాది గదా" అన్యాడు.
"పెద్ద పొట్టేలు మెడకు గంట కట్టినా.
ఆ సద్దెంట పోతాది, సూడు."

పొద్దుగూకింది. మంద దిగొస్తాంది.
ముందు గంట.
గంట వెనక, చెవులు నిక్కబొడుచుకొని,
ప్రతి అడుగూ నేలనడిగి వేస్తా, అది.
పిలిచినా.
గొంతు గుర్తుపట్టి తోకూపుకుంటా వచ్చింది,
వచ్చి,
నా పక్కన ఎవరో నిలబడినట్టు
వాళ్లకేసి చూసింది.