లస్కరు ఏసుపాదం నీళ్ళ లెక్క

ఆయ్, గుచ్చండి సిస్టరు గారూ. చెయ్యి అలవాటు పడిపోయింది.
ఓసారి చెవి పెట్టి వినండి, ఈ మణికట్టు పైన
జుయ్‌మంటాది.
రెండంగుళాలు తలుపెత్తితే తూము కింద నీరు
రాత్రిపూట ఇలాగే మాటాడేది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు లాకుల మీద చేశానండి.
గేజీ రాయి మీద నాచు గోకి, అంకె చూసి,
పుస్తకంలో ఎక్కించి, చక్రం తిప్పి
ఎగువోడికి ఇంత, దిగువోడికి ఇంత.
నాకంటే సీనియర్ లస్కర్లు ఇద్దరు
పిడికిలంతేసి వాళ్ళు, చిక్కుడుగింజ ఆకారం,
నా నడుం వెనకే డ్యూటీలో ఉన్నారని
వాళ్ళు మానేశాకే తెలిసింది.

డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మేసి చూపించింది.
ఒక్కోదాన్లో పది లక్షల పిల్లకాలువలంట!
కోనసీమంతా తవ్వినా అన్ని రావు.
ప్రతి కాలువ మొదట్లో దారపుండ లాంటి నరాల ముడి,
ఒత్తిడికి అందులోంచి నీరు జారతాది,
రక్తకణాలు గట్టునే ఆగిపోతాయి.
రోజుకి నూట ఎనభై లీటర్లు.
అంతా బయటికేనా అమ్మా అంటే నవ్వింది.
కాదంట.
వదిలిన నీటిని మళ్ళీ వెనక్కి పిలుస్తాయంట.
పంచదార మొత్తం, ఉప్పు కావలసినంత,
నీరు ఆ పూట అవసరాన్ని బట్టి.
చివరికి లీటరున్నరని మాత్రం
ఇక నువ్వు పో అంటాయి.

అక్కడ ఆగిపోయానండి నేను.
నా సర్వీసులో ఒక్క చెంబెడు నీరు
తూము దాటాక తిరిగొచ్చింది లేదు.
శివారు రైతు సైకిలేసుకొచ్చి
నా అమ్మనీ అబ్బనీ తిట్టిన రోజున
ఈ విద్య నాకుంటేనా!

ఎండలు ముదిరితే తలలోంచి కబురొస్తాదంట,
నీరు బిగబట్టండని.
మాకు ధవళేశ్వరం నుంచి ఫోనొచ్చినట్టే.
రక్తం తగ్గితే ఎముకలకి చీటీ రాసేదీ ఇవేనంట.
ఇన్ని పనులు నెత్తినేసుకుని
ఒక్కనాడూ జీతం పెంచమనలేదు.

తుపానేడు మా కాలువ నిండుగానే ఉంది,
చేలు కుళ్ళిపోయాయి.
కౌశిక నిండా గుర్రపుడెక్క, పూడిక.
వచ్చే నీటికి దారుంది, పోయే నీటికి లేదు.
వారం నానిన వరి దుబ్బు చూశారా ఎప్పుడైనా?
ఆదివారం రాత్రికి నా కాళ్ళు అవే.
వేలితో నొక్కితే గుంట పడి
అలాగే ఉండిపోతాది.
కాలువ తెచ్చినోడికి ఊరూరా బొమ్మలండి.
మురుగు తోడినోడి పేరు
మస్టరు రోల్లో కూడా సరిగ్గా రాయరు.

మరియరత్నం నాకు నీళ్ళు కొలిచి పోస్తాది,
స్టీలు గ్లాసుతో నాలుగు.
అయిదోది అడిగితే
నేను రైతుల్ని చూసినట్టే నన్ను చూస్తాది.
బొండం నీళ్ళు వద్దు, అరటిపండు వద్దు,
గుండె లాకు పడిపోతాదంట.
ఇక్కడ పుట్టినోడికి ఇంకేం మిగిలిందండి,
తలెత్తి చెట్టుకేసి చూడ్డం తప్ప!

ఈ మిషను మంచిదే. వారానికి మూడు వంతులు,
వంతుకి నాలుగ్గంటలు.
కానీ దీనికి తోడడం వచ్చినట్టు
వెనక్కి పిలవడం రాదు.
అందుకే ఇంటికెళ్ళాక అలా పడిపోతాను.

ఒకటి చెబితే నవ్వుతారు.
తెల్లారుజామున చక్రానికి గ్రీజు పూసి
గట్టు దిగి, తుమ్మమొక్క పక్కన నిలబడి
ఉచ్చ పోసుకునేవాణ్ణి.
చలికి పొగలు లేచేవి.
అవతలొడ్డున బుడబుంగ మునిగి
ఎక్కడో తేలేది. నేను దాన్నే చూసేవాణ్ణి.
రెండోదాని సంగతి
ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ తలవలేదు.

ఈ జబ్బు మొదట్లో రోజుకో చెంబుడు. తర్వాత టీ గ్లాసుడు.
మొన్న సీసాలో పట్టి
గేజీ చూసినట్టు కిటికీ వెలుతురుకి ఎత్తాను.
పాత లాకు పుస్తకంలో ఖాళీ పేజీ దొరికితే
తేదీ వేసి
అంకె ఎక్కించాను.