మూడు జానలు

మా బండిలో ఉన్న మాస్కు
పెద్దోళ్ళ మొహానికి చేసింది.
మందస అవతల కొండ దిగువని, రాత్రి రెండుంపావుకి
నాలుగు నెలల పసిదాని మీద పెడితే
నుదురూ గెడ్డమూ దాటి మెడ దాకా కప్పేసింది,
గంప కింద కోడిపిల్లని మూసినట్టు.

నేను బ్యాగు నొక్కుతున్నాను.
గాలి అంచుల్లోంచి బుస్సుమని
నా మణికట్టుకే తగులుతోంది.
ఆ గాలి దానిది.
నా చేతికెందుకు?

తవిటయ్య స్టీరింగు మీదకి వంగి
పలాస, టెక్కలి, కోటబొమ్మాళి
ఒక్కో ఊరి పేరూ పైకే చదువుతూ తోలేడు.
పేరు పలికితే దూరం తరుగుతుందనుకున్నాడేమో.
నరసన్నపేట ఇంకా రాకముందే
తల్లి అడిగింది,
"ఓలమ్మా, గుంటకి సలేస్తందేటి?"
నేను మాటాడలేదు.
దుప్పటి సర్దేను.

రిజిస్టర్లో కారణానికి గడి ఉంది.
"ఊపిరాడక" అని రాసేను.
మాస్కు సైజుకి గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాస్తే
నెల తిరిగేసరికి ఎవరో శుభ్రంగా చెరిపేసేరు.

సున్నా సైజు మాస్కులు రెండు.
ఒకటో సైజువి రెండు.
పసిపిల్లల బ్యాగు ఒకటి.
మూడుసార్లు ఇండెంటు పెడితే
మూడుసార్లూ "స్టాకు లేదు" అని ముద్ర.
నాలుగోసారి, జీడిపప్పు డబ్బా అంత పెట్టె
బస్సు పార్సిల్లో వచ్చింది.
అరచేతిలో పెట్టుకుని చూసేను.
ఇంత చిన్నదా? దీనికోసమా?

ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పింది:
పిల్లల్ని తూకం వెయ్యడానికి మీకు టైముండదు.
పొడుగు కొలవండి.
పొడుగు బట్టి బరువు, బరువు బట్టి మందు.
రంగురంగుల పట్టీ ఒకటి చూపించింది.
జిల్లాకంతటికీ ఆవిడ దగ్గరే ఉంది, ఆ ఒక్కటే.

కాశీబుగ్గలో దండాసి టైలరు
కత్తెర పక్కన పెట్టి అడిగేడు,
"ఏ గుంటకమ్మా గౌను?"
తెలీదు మావా, ఆ గుంట ఇంకా రాలేదు.
అతను ఇంకేమీ అడక్కుండా
గులాబీ, ఎరుపు, ఊదా, పసుపు
ముక్క పక్కన ముక్క అతికేడు.
నలభై రూపాయలు తీసుకున్నాడు.
రెండో కుట్టు ఊరికే వేసేడు.
డాక్టరమ్మ అంగుళం అంగుళం సరిచూసి
వెనకాల సంతకం పెట్టింది.

భావనపాడు దగ్గిర, వలలారేసిన ఇసకలో
మూడేళ్ళ గుంటడికి ఫిట్స్.
పళ్ళు బిగిసిపోయి, కళ్ళు తెల్లగా తిరిగిపోయి.
నేను పట్టీ తీసి మాడు దగ్గిర పెట్టగానే
వాళ్ళ మామ్మ నా చెయ్యి పట్టేసుకుంది.
"ఒద్దు! పొడుగు కొలవొద్దు!
గుంటల్ని గోతికేనమ్మా కొలిసీది!"

ఒక్క క్షణం నా వేళ్ళు కూడా నమ్మేయి ఆ మాటని.

మామ్మా, మందుకే. మందుకే కొలుస్తున్నాను.
మడమ పసుపు గళ్ళో ఆగింది.
పసుపని చూసి ఆవిడ చెయ్యి వదిలింది.
లెక్క కట్టక్కర్లేదు, తడబడక్కర్లేదు.
ముక్కులో మందు, మొహానికి సరిపోయిన మాస్కు.
టెక్కలి ఆస్పత్రికి ఫోన్లో ఒక్క ముక్క, "పసుపు".
మేం వెళ్ళేసరికి గేటు దగ్గిరే మంచం.
దార్లోనే వాడు నా యూనిఫాం నిండా కక్కి
"అమ్మా" అని ఏడ్చేడు.
తవిటయ్య ఈసారి ఊళ్ళ పేర్లు చదవలేదు.

ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలు
బండి వెనక పట్టీ పరుచుకుంటాను.
గులాబీ గడి దగ్గిర వేలు ఆగుతుంది.
ఆ రాత్రి దాన్ని కొలవలేదు.
ఇంతే ఉండుంటుంది.
నా చేత్తో మూడు జానలు.

మడతపెట్టి, చిన్న మాస్కుల పక్కన పెడతాను,
చీకట్లో చెయ్యి పెట్టినా తగిలే చోట.