మినిట్స్‌లో ఒక మాట

బర్నీలో గాలి సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది.
మార్చి రెండో మంగళవారం, స్కౌట్ హాల్లో
పదిహేడు మందిమి, ఒక టీ కెటిల్,
గోడకి వాలిన పాత కార్ల క్లబ్బు జెండా.
నేను కార్యదర్శిని. నా పని రాయడం.
ఎవరేమన్నా, అన్నది అన్నట్టు.

మెర్విన్ టాట్నెల్ లేచాడు.
ముప్పయ్యొక్కేళ్లు కాగితం మిల్లులో అరిగిన చేతుల్ని
పనిముట్లు పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.
అతనిది అరవై రెండు మోడల్ హోల్డెన్,
లేతాకుపచ్చ, ఐలా ఎంచిన రంగు.
ఆమె పోయాక కూడా ఎడమ సీటు దులుపుతూనే ఉంటాడు.

"ప్రిడ్‌మోర్ గ్యారేజీలో ఆరు వారాలుంచుకున్నారు.
గేర్‌బాక్సులో అన్నీ కొత్తవే వేశామన్నారు.
నాలుగు వేల రెండొందల డాలర్లు.
కొండ రోడ్డెక్కేసరికి మూడో గేరు జారిపోయింది.
విప్పి చూస్తే పాత పళ్లకే మెరుగు పెట్టారు.
వాడు దొంగ."

రాశాను.
దొంగ. రెండే అక్షరాలు.
నా చేతిరాత గుండ్రంగా ఉంటుందంటారు అందరూ.
నలభై మూడు కాపీలు తీశాను.
కవర్లు నాలుకతో తడిపి అంటించి
బుధవారం పొద్దున్నే పోస్టు డబ్బాలో వేశాను.

ఏప్రిల్లో లాయరు ఉత్తరాలు రెండొచ్చాయి.
ఒకటి అతనికి.
రెండోది నాకు.

నేనేమన్నానని? రాశానంతే కదా!
లాన్సెస్టన్‌లో మా లాయరు బ్రోనియా లిస్కా
నా మనవరాలికన్నా రెండేళ్లు పెద్దదేమో,
పెన్సిలు చెక్కుకుంటూ చెప్పింది:
"చట్టం దగ్గర
పోస్టు చేసిన చెయ్యి కూడా నోరేనండీ."

తర్వాత ఒక్కో వాక్యం కిందా గీత గీసింది.
గేరు జారింది. ఎవరు చూశారు? మంచిది.
మెరుగు పెట్టిన పళ్లు దాచారా? పారేయకండి.
బిల్లుంది. తేదీ ఉంది.
"దొంగ అన్నారు. అదెక్కడుంది, చూపించండి."
మెర్విన్ జేబులు తడుముకున్నాడు,
నిజంగానే,
ఏ రసీదు మడతలోనో ఉండిపోయినట్టు.

నిజమే చెప్పాడు కదమ్మా అన్నాను.
"కావచ్చు. కానీ ఆ నిజానికి
తూకపు రాళ్లు మీరే మోసుకురావాలి.
మోతకూలి గంటల లెక్కన."
ఓడితే హోల్డెన్ అమ్మినా చాలదట.
గెలిస్తేనో అని అడిగితే
పెన్సిలు మళ్లీ చెక్కుకుంది.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని
దొంగ ఉన్నచోట వేరే మాటలు బిగించి చూశాను.
మోసం. వద్దు.
నిర్లక్ష్యం. అదీ నిరూపించాలి.
"పని సంతృప్తికరంగా లేదని సభ్యుని అభిప్రాయం."
అరిగిన గేరులా తిరిగింది నా వాక్యం,
చప్పుడు చేసింది గానీ
దేన్నీ ముందుకి కదపలేదు.

మే నెల మినిట్స్‌లో క్షమాపణ వేశాం,
వాళ్ల లాయరు కామాలతో సహా.
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నామని సంతకం పెడుతూ
మెర్విన్ అన్నాడు,
"రివర్సు గేరు మాత్రం బాగానే పడుతోంది."

ఒకటి చెప్పాలి.
ఆ తర్వాత బేకరీలో ప్రిడ్‌మోర్ కనిపించాడు.
చొక్కా మీద గ్రీజు, కళ్ల కింద నిద్రలేమి.
పక్కన పదిహేడేళ్ల పనికుర్రాడు, వేలికి కట్టు.
ఆ పళ్లకి మెరుగు పెట్టింది ఎవరి చెయ్యి?
ఆయనకి తెలుసా?
నాకు తెలియదు.
తెలియదన్న మాట మాత్రం
నలభై మూడిళ్లకీ పంపలేదు నేను.
రొట్టె తీసుకుని బయటికొచ్చేశాను.

జూన్ సభలో చలి. కెటిల్ పాతదే.
కొత్తగా చేరిన లియాండర్ అడిగాడు,
"ఈ చుట్టుపక్కల గేర్‌బాక్సు పని
బాగా చేసేదెవరు?"

పదిహేడు కప్పులు ఒక్కసారే పెదాల దగ్గరికెళ్లాయి.

మెర్విన్ కిటికీలోంచి తన కారు వైపు చూస్తూ అన్నాడు,
"నేనైతే డెవన్‌పోర్ట్ వెళ్తాను.
యాభై కిలోమీటర్లు."

ప్రిడ్‌మోర్ గ్యారేజీ ఈ హాలుకి రెండు వీధుల అవతల.
కుర్రాడు మనసులో ఏదో లెక్కేసుకుని తలూపాడు.

నేను రాసుకున్నాను:
యాభై.
అన్నది అన్నట్టు.