ముల్లు కదలని పది నిమిషాలు

మే నెల రెండో వారం.
కడప ఏడు రోడ్ల కాడ తారు చెప్పుకు అంటుకుంటాంది.
అల్మాస్‌పేట సందులో ఆకుపచ్చ రేకు తలుపు ఇల్లు,
హుసేన్ పీరా సామాన్లు అమ్ముతాండాడని
రాగి పైపుల అంగట్లో చెప్పినారు.

అరుగు మీద గోనెపట్ట పరిచి
ఇరవై రెండేండ్ల పనిని వరసగా పెట్టినాడు:
రంగు వెలిసిన వాక్యూమ్ పంపు,
గేజీల జత, ఎర్ర గొట్టం, నీలి గొట్టం, పసుపు గొట్టం,
గ్యాసు తూచే కాటా, దాని మూలన ఒక కాలిన మచ్చ,
నూనె తాగి నల్లబడిన చెక్కపెట్టెలో ఫ్లేరింగ్ టూలు.
"ఏడువేల ఐదొందలు, అన్నీ కలిపి" అన్నాడు
నేనింకా నోరు తెరవకముందే.
గట్టిగా అన్నాడు, చెవులు పోయినోళ్ళు మాట్లాడినట్టు.

కంప్రెసర్ల పక్కన కూచ్చోని కూచ్చోని
ముందు సన్న సద్దులు పోయినాయంట.
లీకు బుసకొట్టేది వినపడక
ఒక డాక్టరింట్లో రెండుసార్లు గ్యాసు నింపి
రెండుసార్లు మాట పడి
ఇంక చాల్లే అనుకున్నాడంట.

నాకు షోరూమోళ్ళ కింద ఆరేండ్లు.
వాళ్ళ పంపు, వాళ్ళ బండి, వాళ్ళ చొక్కా.
చొక్కా లోపలి చెమట ఒక్కటే నాది.
జేబులో మా కుళ్ళాయమ్మ చీటీ పాడిన ఆరువేలు.
లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు ఆమే వేసింది.

పంపు అద్దంలోకి వంగి చూసినా.
నూనె పాల మాదిరి ఉంటే తేమ తాగినట్టు.
ఇది తేనె రంగులో ఉంది.
నిన్ననే మార్చినాడేమో అని
నాలోని షోరూము అనుమానపడింది.

తల్చుకుంటే నవ్వొస్తుంది.
శెనిక్కాయ చేన్లో మా నాయన
మట్టిని పిడికిట్లో పిసికి పిసికి
రవ్వంత తేమ దొరుకుతుందా అని చూసేవాడు.
ఆయన కొడుకును నేను
గొట్టంలో మిగిలిన ఆఖరి తడిని కూడా
బయటికి లాగేసే యంత్రానికి బేరమాడతాండా.
ఈ సీమలో తేమను పగోడి మాదిరి ఎతికే కొలువు
నాదొక్కటే ఉన్నట్టుంది.

"ఏసి సూడు."
నీలి, ఎర్ర గొట్టాల నోళ్ళు మూసి
పసుపుది పంపుకు బిగించి స్విచ్చేసినా.
ఒకసారి దగ్గి, సర్దుకుంది.
ఆయన పంపు మీద అరచెయ్యి పెట్టి
కండ్లు మూసుకున్నాడు,
చెవి అరచేతిలోకి దిగొచ్చినట్టు.
ముల్లు సున్నా దాటి కిందికి, ముప్ఫైకి.
వాల్వు కట్టేసి పంపు ఆపినాం.
ఇంక పది నిమిషాలు ముల్లు కదలగూడదు.

లోపల్నుంచి ఒక పాప రెండు గ్లాసుల సబ్జా నీళ్ళు తెచ్చింది.
ఎవరం మాట్లాడలేదు.

ఆరో నిమిషంలో ముల్లు వెంట్రుకవాసి లేచింది.
నాకు వినపడింది.
నీలి గొట్టం మెడ కాడ
చీమ ఊపిరి పీల్చినంత.
వాచరు. ఐదు రూపాయల వాచరు.
పంపు నిక్షేపంగా ఉంది.

"లీకుంది పీరన్నా" అన్నా.
యాడుందో చెప్పలేదు.

ముల్లును చూసినాడు.
తర్వాత నా పెదాలను చూసినాడు,
మాటను అక్కడే చదివేటోడు కదా,
మాట అయిపోయినాక కూడా కొంచేపు చూసినాడు.
"ఐదువేల ఎనిమిదొందలియ్యి."

కట్ట ఇస్తే లెక్కపెట్టలేదు.
పైనుంచి రెండు వందనోట్లు తీసి నా చేతిలో పెట్టినాడు.
బండి మీద కాళ్ళ మధ్యన పంపు,
ఇంటిదాకా మోకాళ్ళకు దాని వేడి తగుల్తానే ఉంది.

రాత్రి చెక్కపెట్టె తెరిస్తే
టూలు కింద ఒక నశ్యం డబ్బా.
దాంట్లో కొత్త వాచర్లు, డజను,
రాసిన నూనె ఇంకా ఆరలేదు.
ఎప్పుడు పెట్టినాడో.
నేను పోకముందో, ముల్లు లేచినాకనో.

ఒకటి తీసి నీలి గొట్టానికేసినా.
పంపు నడిపి, ఆపి, ముందర కూచున్నా.
పది నిమిషాలు. ఇరవై.
ముల్లు కదల్లేదు.

"పదిహేడొందలు మిగిలిచ్చినావే!"
వెనక కుళ్ళాయమ్మ సంతోషపడతాంది.
"ఇంకా ఏం సూస్తాండావ్?"